మార్చారా, పునర్వర్గీకరించారా?

ప్రశ్న: నేను ఒక అనువాద సంస్థలో పని చేస్తున్నాను. రకరకాల కార్యాలయాల నోటీసులను ఇంగ్లిష్ నుంచి తెలుగు చేయడం నా పని. ‘రీక్లాసిఫై’ అనే క్రియ కనిపించిన ప్రతిచోటా ‘పునర్వర్గీకరించు’ అనే రాయాలని మా పదకోశంలో ఉంది. పోయిన నెల ‘మీ విద్యుత్ సేవ గృహేతర విభాగానికి పునర్వర్గీకరించబడినది’ అని రాసిన వాక్యాన్ని మా నాన్నగారికి చదివి వినిపిస్తే, ‘ఇంతకీ కరెంటు వాళ్ళు ఏం చేశారమ్మా?’ అని అడిగారు. ఆయన బడిలో తెలుగు చెప్పి రిటైరైనవారు. ఈ మాట తప్పా? తప్పు కాకపోతే ఎక్కడ వాడాలి? ‘పునః వర్గీకరణ’ అని విడదీసి రాయవచ్చా? దీనికి ముందు ‘గా’ రావాలా, ‘లోకి’ రావాలా, ‘కి’ రావాలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: మాట తప్పు కాదు. మీ వాక్యంలో అది ఉండవలసిన మాట కాదు, అంతే. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క క్రియ చేసే పనిని తెలుగు చాలాకాలంగా మార్చు, చేర్చు, వేయు, చేయు, లెక్కకట్టు వంటి అరడజను క్రియలకు పంచి ఇచ్చింది. వాటన్నింటినీ పక్కకు నెట్టి ఒక్క సంస్కృత సమాసాన్ని కూర్చోబెడితే, వాక్యం వ్యాకరణానికి లొంగినా మీ నాన్నగారికి లొంగదు. ఆయన అడిగిన ‘ఏం చేశారు’ అనే ప్రశ్నకు జవాబు చెప్పవలసినది క్రియ. మీ వాక్యంలో క్రియ ఉండి కూడా ఆ జవాబు చెప్పలేదు.

ముందు తేలికైన సంగతి తేల్చేద్దాం. ‘పునః’లోని విసర్గకు తరవాత ‘వ’ వచ్చినప్పుడు అది రేఫగా, అంటే ‘ర్’గా, మారుతుంది కాబట్టి పునర్వర్గీకరణ అనే రాయాలి; పునర్విభజన, పునర్నిర్మాణం, పునర్జన్మ, అచ్చు వచ్చిన చోట పునరుద్ధరణ, ఇవన్నీ ఆ లెక్కే. పునఃపరిశీలన, పునఃప్రారంభం అనే మాటల్లో విసర్గ నిలిచి ఉన్నది కదా అని దీన్నీ అలాగే విడదీసి రాస్తున్నారు గాని, అక్కడ నిలిచినది తరవాత ‘ప’ ఉండబట్టి. రెండు మాటలుగా విడదీసి రాస్తే చదవడం తేలిక అవుతుందని కొందరి వాదన. చదవడం తేలిక కావాలంటే సంధి విడదీయడంకన్నా మాటే మార్చుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. వర్గీకరించు అనే మాటలోని ‘ఈ’కారం ఊరికే వచ్చినది కాదు. అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడం అనే అర్థంలో సంస్కృతంలో చ్వి అనే ప్రత్యయం ఉంది. ద్రవం కానిదాన్ని ద్రవంగా చేస్తే ద్రవీకరణ, వేరువేరుగా ఉన్నవాటిని ఒకటి చేస్తే ఏకీకరణ, కలగాపులగంగా ఉన్నదాన్ని వర్గాలుగా చేస్తే వర్గీకరణ. అంటే ఈ క్రియ పని చేసేది ప్రధానంగా రాశి మీద. కుప్పను అరలుగా విడదీయడం దాని పుట్టుకలోనే ఉన్న అర్థం. అందువల్ల పునర్వర్గీకరించు అన్నప్పుడు సహజంగా స్ఫురించేది, ఆ అరలనే తీసివేసి లేదా వాటి హద్దులు జరిపి, మొత్తం సరుకును కొత్తగా సర్దడం. అరలు ఎక్కడివక్కడే ఉండగా ఒక వస్తువును ఈ అరలోంచి తీసి ఆ అరలో పెట్టడానికి ఇంత బరువైన మాట అక్కరలేదు. దానికి మన దగ్గర ‘మార్చు’ ఉంది.

ఈ తేడా ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల పరిమితులను కేంద్రం 2020 జూలై 1 నుంచి ఒకసారి, 2025 ఏప్రిల్ 1 నుంచి మరోసారి సవరించింది. 2020 నాటి లెక్కలో యంత్రాల మీద పెట్టుబడి 1 కోటి రూపాయలు, టర్నోవరు 5 కోట్లు దాటకపోతే సూక్ష్మ పరిశ్రమ. 2025లో ఆ హద్దులు రెండున్నర కోట్లకూ 10 కోట్లకూ పెరిగాయి. కోటిన్నర పెట్టుబడితో ఏటా 8 కోట్ల వ్యాపారం చేసే రైసుమిల్లు ఒకటి ఉన్నదనుకోండి. మార్చి 31 రాత్రి అది చిన్న పరిశ్రమ, తెల్లవారితే సూక్ష్మ పరిశ్రమ. మిల్లులో ఒక్క బోల్టు కూడా కదలలేదు, గీత కదిలింది. ఇక్కడ ‘పరిశ్రమలను పునర్వర్గీకరించారు’ అని నిక్షేపంగా రాయండి. అదే మిల్లు యజమాని కొత్త యంత్రాలు తెచ్చి పెట్టుబడిని 3 కోట్లకు పెంచుకుంటే, అప్పుడు జరిగినది పునర్వర్గీకరణ కాదు. మిల్లు ‘చిన్న పరిశ్రమల కోవలోకి వచ్చింది’ లేదా ‘చిన్న పరిశ్రమ అయింది’. మొదటి సందర్భంలో ప్రభుత్వం కర్త, రెండో సందర్భంలో కర్త మిల్లే.

ప్లూటో సంగతి ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. 1930లో కనుగొన్న నాటి నుంచి గ్రహంగా లెక్కలో ఉన్న ప్లూటోను, 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో సమావేశమైన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య మరుగుజ్జు గ్రహం అన్నది. అక్కడ ముందు జరిగినది గ్రహం అనే మాటకు నిర్వచనం రాయడం. ఆ నిర్వచనంలో ఇమడక ప్లూటో బయటికి వచ్చింది. ఖగోళశాస్త్రం గురించి రాస్తున్నప్పుడు పునర్వర్గీకరణ అనవచ్చు. ప్లూటో గురించి రాస్తున్నప్పుడు మాత్రం ‘గ్రహం హోదా కోల్పోయింది’ అనే తెలుగు వాక్యంలో ఉన్న ప్రాణం ‘పునర్వర్గీకరించబడింది’లో లేదు. పాపం, హోదా పోయినవాళ్ళను మనం చాలామందిని చూశాం కనుక ఆ మాట వెంటనే అర్థమవుతుంది. పుట్టగొడుగుల విషయమూ ఇటువంటిదే. ఒకప్పుడు వృక్షశాస్త్ర పాఠాల్లో మొక్కలతో పాటు చదివిన శిలీంధ్రాలకు, జీవులన్నింటినీ అయిదు ‘రాజ్యాలు’, అంటే అయిదు పెద్ద విభాగాలు, చేస్తూ 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన పద్ధతిలో సొంత రాజ్యం వచ్చింది. జీవులన్నింటినీ పునర్వర్గీకరించారు, పుట్టగొడుగులను ‘మొక్కల్లోంచి తీసి వేరే రాజ్యంగా పెట్టారు’.

వర్గీకరణ అనే మాటను వాడే ముందు మీవంటి అనువాదకులు గుర్తుంచుకోవలసిన చిక్కు మరొకటి ఉంది. ఇది ఏ నిఘంటువులోనూ దొరకదు. ముందు విశేషణం ఏదీ లేకుండా ‘వర్గీకరణ’ అని పత్రికలో శీర్షిక పెడితే, తెలుగు పాఠకుడు పరిశ్రమలనూ పుస్తకాలనూ తలచుకోడు. ఎస్సీ కులాలను గ్రూపులు చేసి రిజర్వేషన్లను పంచడాన్ని తలచుకుంటాడు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. 2000లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టాన్ని 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, రాష్ట్రాలు వర్గీకరణ చేయవచ్చునన్నది. మూడు దశాబ్దాల ఈ పోరాటంలో ఆ మాట దాదాపు సంజ్ఞానామం అయిపోయింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలులోకి వచ్చిన చట్టం 59 కులాలను మూడు గ్రూపులు చేసి, ఉన్న 15 శాతాన్నే 1, 9, 5 శాతాలుగా పంచింది. గమనించండి, ఏ కులమూ ఎస్సీ జాబితాలోంచి బయటికి పోలేదు, కొత్తది లోపలికి రాలేదు. ఒక రాశిని లోపల భాగాలు చేశారు. అందుకే అక్కడ వర్గీకరణ అనే మాట అర్థానికి అతికినట్టు సరిపోయింది.

జాబితాలోకి రావడం, పోవడం వేరే సంగతి, దానికి వేరే క్రియలు ఉన్నాయి. రాజ్యాంగం 341, 342 అధికరణాలు ఎస్సీ, ఎస్టీ జాబితాల గురించి చెప్పేటప్పుడు పార్లమెంటు చట్టం ద్వారా ‘చేర్చడం’, ‘తొలగించడం’ అనే రెండు పనులనే చెబుతాయి. బీసీ ఉపకులాలలో కూడా ‘డి గ్రూపు నుంచి ఏ గ్రూపుకు మార్చాలి’ అని వినతిపత్రాలు ఇస్తారే గాని ‘పునర్వర్గీకరించాలి’ అని ఇవ్వరు. ఇటువంటి వార్తను మీరు అనువదిస్తూ మూలంలో ఉన్నది గదా అని ‘ఫలానా కులాన్ని పునర్వర్గీకరించారు’ అని రాశారంటే, చదివినవారు ఆ కులాన్ని రెండు ముక్కలు చేశారనుకునే ప్రమాదం ఉంది. మామూలు తప్పు అయితే మరునాడు సవరణ వేసుకోవచ్చు. ఈ తప్పుకు మాత్రం ఆఫీసు ముందు ధర్నా జరుగుతుంది.

ఇంతకీ వర్గం అనే మాటే మన దగ్గర ఖాళీగా లేదు. లెక్కల మాస్టారికి అది ఒక సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేది. వర్గమూలం దాని తోబుట్టువు. వ్యాకరణంలో కవర్గం, చవర్గం ఉన్నాయి. ఊళ్ళోకి వస్తే వర్గం అంటే ముఠా. ‘ఆయన వర్గం మార్చాడు’ అని రాయలసీమలోనే కాదు, కోనసీమలో అన్నా సరే, ఆయన ఎమ్మెల్యే మనిషి కాస్తా మాజీ ఎమ్మెల్యే మనిషి అయ్యాడని అర్థం. కాబట్టి పునర్వర్గీకరించు బరువనిపించి ‘వర్గం మార్చు’ అని తేలిక చేద్దామనుకుంటే గోతిలో పడతారు. తరగతి అంటే బడి గుర్తుకు వస్తుంది, శ్రేణి అంటే హెచ్చుతగ్గులు వస్తాయి, విభాగం అంటే ఆఫీసులో ఒక గది కళ్ళకు కడుతుంది. ‘కోవ’ ఒక్కటి మిగిలింది, చక్కటి తెలుగు మాట. ‘ఆ కోవలోకి చేర్చారు’ అంటే ఏ అనుమానమూ రాదు. అయితే నోటీసుల్లో అది కాస్త సాహిత్యం వాసన వేస్తుంది. నిజం చెప్పాలంటే, కరెంటు బిల్లు విషయంలో జనం నోట ఉన్న మాట కేటగిరీ. దాన్ని అలాగే రాయడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

ఒక వస్తువు ఒక కోవలోంచి మరో కోవలోకి పోవడం గురించి తెలుగువాడు అన్నిటికన్నా ఎక్కువగా మాట్లాడినది భూమి దగ్గర. అందుకని ఈ క్రియ పోకడలు తెలియాలంటే భూమి భాష వినాలి. ‘కాలవ వచ్చాక మా మెట్టంతా మాగాణి అయింది’ అంటాడు రైతు. ‘అప్పుడెప్పుడో రికార్డులో మాగాణిగా మార్చారు, కాలవలో మాత్రం నీళ్ళు లేవు’ అని కూడా అతనే అంటాడు. మొదటి వాక్యంలో ‘గా’ లేదు, ‘అయింది’ ఉంది. అది నేల మీద జరిగిన మార్పు. రెండో వాక్యంలో ‘గా మార్చారు’ ఉంది. అది కాగితం మీద జరిగిన మార్పు. ఇంగ్లిష్ క్రియ ఎప్పుడూ రెండో దాన్నే చెబుతుంది. వస్తువు మారిందా లేదా అన్నది దానికి పట్టదు, పుస్తకంలో దాని పేరు ఏ గడిలో ఉన్నదన్నదే దానికి ముఖ్యం. కాబట్టి దాన్ని తెలుగు చేసేటప్పుడు ‘గా మార్చారు’, ‘గా రాసుకున్నారు’, ‘కింద చూపారు’ వంటి కాగితపు క్రియలే తగినవి. తెలంగాణ రికార్డుల్లో మాగాణి తరి, మెట్ట ఖుష్కి. ఖుష్కిని తరి చేయడం ఒక పని, తరిగా రాయించడం ఇంకొక పని.

భూమి మాట వచ్చింది కాబట్టి నాలా గురించి చెప్పకుండా ఉండలేను. వ్యవసాయ భూమిని ఇళ్ళ స్థలంగానో గోదాముకోసమో వాడాలంటే ప్రభుత్వం దగ్గర దాని కోవ మార్పించుకోవలసి వచ్చేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు 2006లో ఒక చట్టం వచ్చింది. అంతకుముందు 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టం ఉండేది. ‘నాన్-అగ్రికల్చరల్ ల్యాండ్స్ అసెస్‌మెంట్’ అనే దాని ఇంగ్లిష్ పేరులోని తొలి అక్షరాలు కలిపితే నాలా అవుతుంది. పాత చట్టం పోయి కొత్త చట్టం వచ్చినా జనం నోట్లో నాలా పోలేదు. ‘అయిదెకరాలు నాలా చేయించాను’, ‘ఆ సర్వే నంబరుకు నాలా అయింది’, ‘నాలా కట్టావా’ అంటారు. అంటే ఒక చట్టం పేరు క్రియలో భాగమై కూర్చుంది. హైదరాబాదులో నాలా అంటే వాననీరు పోయే పెద్ద కాలవ కూడా కావడంతో, ‘నాలా స్థలం’ అని ప్రకటన చూసి హడలిపోయినవారూ ఉండే ఉంటారు. పత్రికలు దీన్నే భూ వినియోగ మార్పిడి అంటాయి. అది మంచి మాటే. మార్పు, మార్పిడి ఒకటి కావు: మార్పులో ఉన్నది వేరుగా అవుతుంది, మార్పిడిలో ఒకటి పోయి దాని చోట మరొకటి వస్తుంది. పంట మార్పిడి, వస్తుమార్పిడి, మూత్రపిండ మార్పిడి, మత మార్పిడి చూడండి, ప్రతిదానిలోనూ రెండు కొసలు కనిపిస్తాయి. మీ పదకోశంలో నామవాచకం కావలసిన చోట ‘కేటగిరీ మార్పిడి’ అని నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు.

మీరు అడిగిన విభక్తుల సంగతికి వస్తాను. మీ వాక్యం చెడినది నిజానికి ఇక్కడే. వర్గీకరించు అనే క్రియకు ‘కి’తో పొత్తు కుదరదు. వర్గం దానిలోనే ఉంది గనుక ఎక్కడికి చేరిందో చెప్పే ‘కి’ని అది సహించదు, దేనిగా లెక్కించారో చెప్పే ‘గా’ను, ఎన్ని భాగాలు చేశారో చెప్పే ‘లుగా’ను, దేని కింద పెట్టారో చెప్పే ‘కింద’ను మాత్రమే రానిస్తుంది. ‘మూడు గ్రూపులుగా వర్గీకరించారు’, ‘తొంభై రోజులు దాటినా వాయిదా కట్టని అప్పును బ్యాంకు నిరర్థక ఆస్తిగా వర్గీకరిస్తుంది’, ‘నిరర్థక ఆస్తుల కింద వర్గీకరించారు’, ఇవి మూడూ మంచి వాక్యాలు. ‘గృహేతర విభాగానికి వర్గీకరించారు’ అనేది, ‘అన్నం విస్తరికి వండారు’ అన్నట్టుంటుంది.

మార్చు ఉదారమైన క్రియ. గా, కి, లోకి మూడింటినీ రానిస్తుంది, అయితే ఒక్కొక్క దానికి ఒక్కొక్క పని అప్పగిస్తుంది. ‘గా’ ముందు ఉండవలసినది ఆ వస్తువు ఇప్పుడు ఏమిటో చెప్పే మాట. ‘లోకి’ ముందు ఉండవలసినది గుంపు పేరు. ‘కి’ ముందు ఉండేది రేటు, జాబితా, పద్దు వంటి గడి పేరు. ‘గులాబీ కార్డును తెల్ల కార్డుగా మార్చారు’, ‘మమ్మల్ని పేదల జాబితాలోకి మార్చారు’, ‘మీటరును కమర్షియల్‌కి మార్చారు’. ఈ మూడింటినీ తారుమారు చేసి ‘తెల్ల కార్డుల జాబితాగా మార్చారు’ అంటే జాబితానే కార్డును మింగేసినట్టు ఉంటుంది. ఇంకొక చిన్న మెలిక: ‘నుంచి’కి జోడు ‘లోకి’ లేదా ‘కి’. పత్రికల్లో ‘గ్రహం నుంచి మరుగుజ్జు గ్రహంగా’ వంటి ప్రయోగం చాలా కనిపిస్తుంది, అర్థమూ అవుతుంది; కాని ‘గా’ వాడదలచుకున్నప్పుడు పాత స్థితిని విశేషణం చేసి ముందు పెట్టడం తెలుగు నడక. ‘ఇంతకాలం మెట్టగా ఉన్న భూమిని మాగాణిగా మార్చారు’ అన్నప్పుడు వాక్యంలో కాలం కూడా దానంతట అదే వచ్చి చేరుతుంది.

మాట్లాడే భాషలో ‘కింద’కు ఉన్న బలం రాతలో మనం సరిగా వాడుకోవడం లేదు. ‘ఇది ఏ పద్దు కింద వస్తుంది’, ‘అతను స్థానికుడి కింద లెక్క’, ‘దాన్ని ఖర్చు కింద రాయి’ అనే మాటలు గుమాస్తాలకూ, రైతులకూ, పెళ్ళిలో చదివింపులు రాసేవాళ్ళకూ కూడా తెలుసు. అలాగే ‘వేయు’, ‘పడు’: ‘మా అబ్బాయిని బీ సెక్షనులో వేశారు’, ‘మా బిల్లు కమర్షియల్‌లో పడింది’. ‘జమకట్టు’ ఇంకా సొగసైనది, లెక్కల పుస్తకంలోంచి నడిచి వచ్చి ‘వాణ్ణి పెద్దమనుషుల్లో జమకట్టారు’ అనేదాకా పోయింది. వీటిని నోటీసులో పెట్టమని చెప్పడం లేదు. అయితే ఒక వ్యాసమో కథనమో అనువదించేటప్పుడు ఇవి చేతికి దగ్గరగా ఉంచుకోండి.

‘పునర్’ గురించి ఒక హెచ్చరిక. దానికి మళ్ళీ అనీ, కొత్తగా అనీ రెండు అర్థాలు వస్తాయి, మూలంలో ఉన్న క్రియ రెండో అర్థంలోనే ఎక్కువగా వస్తుంది. నిరర్థక ఆస్తిగా మారిన అప్పుకు బకాయి మొత్తం కట్టేసినప్పుడు బ్యాంకు దాన్ని మామూలు ఖాతాల్లోకి తీసుకుంటుంది; అక్కడ ‘తిరిగి’ అనే మాట తప్పనిసరి, ఎందుకంటే ఖాతా పాత చోటికే వచ్చింది. మొదటిసారి చోటు మారినప్పుడు ‘తిరిగి వర్గీకరించారు’ అంటే, అంతకుముందు ఒకసారి అక్కడే ఉండి వచ్చినట్టు ధ్వనిస్తుంది. సిరీస్ అనే ఖగోళ వస్తువు కథ ఈ చిక్కుకు మంచి పరీక్ష. 1801లో కనుగొన్నప్పుడు గ్రహం అన్నారు, తరవాత గ్రహశకలాల్లో చేర్చారు, 2006లో మరుగుజ్జు గ్రహం చేశారు. ‘రెండుసార్లు పునర్వర్గీకరించారు’ అంటే లెక్క తెలుస్తుంది గాని కథ తెలియదు.

ఇక చివరిది, నా దృష్టిలో ముఖ్యమైనది, ‘బడినది’. ఎవరు చేశారో చెప్పకుండా తప్పించుకోవడానికి ఇంగ్లిష్ ఆఫీసు భాష కర్మణి ప్రయోగాన్ని వాడుతుంది. తెలుగుకు ఆ అవసరం లేదు, ఎందుకంటే మన క్రియలు జంటలుగా పుట్టాయి: మారు, మార్చు, చేరు, చేర్చు, పడు, వేయు, అగు, చేయు, తేలు, తేల్చు. వీటికి తోడు ‘మార్పించుకొను’ అనే మూడో మెట్టు కూడా ఉంది. ‘మా మీటరు కేటగిరీ మారింది’ అంటే ఎవరి ప్రమేయమూ చెప్పడం లేదు. ‘మార్చారు’ అంటే ఆఫీసు వాళ్ళు చేశారు. ‘మార్పించుకున్నాను’ అంటే నేనే దరఖాస్తు పెట్టి, వెంటపడి సాధించాను. కొన్నేళ్ళ కిందట మా ఇంటి ముందు గదిని ఒక దర్జీకి అద్దెకిచ్చినప్పుడు మాకూ మీ నోటీసులాంటిదే ఒకటి వచ్చింది. దానిలో ‘మార్చబడినది’ అని మాత్రమే ఉంది. మా ఆవిడ నేను దరఖాస్తు పెట్టాననుకున్నది, దర్జీ పెట్టాడని నేననుకున్నాను, దర్జీ ఏమో ఇల్లుగలవాళ్ళ పని అనుకుని మొహం ముడుచుకున్నాడు. తనిఖీకి వచ్చిన లైన్‌మన్ కుట్టుమిషను చూసి రాసుకుపోయాడని వారం తరవాత తెలిసింది. ఒక్క ‘బడు’ వల్ల ముగ్గురి మధ్య వారం రోజులు మాటలు తగ్గాయి.

అందుచేత మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘మీ ఇంట్లో దుకాణం నడుస్తున్నట్టు తనిఖీలో తేలినందున, ఇంతవరకు గృహ వినియోగం కింద ఉన్న మీ కరెంటు కనెక్షనును వాణిజ్య కేటగిరీకి మార్చాము.’ మూలంలో తనిఖీ సంగతి లేకపోతే మొదటి భాగం వదిలేయండి. లేనిది చేర్చే హక్కు అనువాదకులకు లేదు. అప్పుడు ‘మార్చాము’లోని ‘ము’ను మాత్రం వదలకండి, నోటీసు పంపినది సంస్థే కదా. పదకోశంలో పునర్వర్గీకరించు అనే పదాన్ని కొట్టేయమని మీ పైవారిని అడగనక్కరలేదు. దాని పక్కన ‘వర్గాల నిర్వచనం లేదా హద్దులు మారినప్పుడు’ అని ఒక ముక్క రాయించి, కింద ‘ఒక్కటి మాత్రమే చోటు మారితే: గా, కి, లోకి మార్చు, జాబితాలకు: చేర్చు, తొలగించు, పాత చోటికే వస్తే: తిరిగి చేర్చు’ అని మరో వరస వేయించండి. ఒప్పుకోకపోతే పాత వాక్యాన్నీ కొత్త వాక్యాన్నీ రెండు కాగితాల మీద రాసి, ఏది ఎవరిదో చెప్పకుండా, మీ ఆఫీసుకు టీ తెచ్చే మనిషి చేత పైకి చదివించండి.